వలుపు

రోజుకి వెయ్యి కాయలు వలిచే చేతులు నావి.
గునపం మీద కొట్టడం, మెడ విరిచినట్టు తిప్పడం,
మూడు పెట్లకి డొక్క ఊడి పడాలి.
పుల్లేటికుర్రులో లోవరాజు వలుపంటే
అంబాజీపేట లారీలు ఆగి ఉండేవి.

తెల్లదోమ పట్టిన ఏడాది
ఆకుల మీద జిగురు, జిగురు మీద మసి.
కాయ చిన్నబోయింది. లారీ రావడం మానేసింది.
భూషణం గారు కొబ్బరి వరసల నడుమ
మట్టి ఎగదోయించి, దిబ్బల మీద
దాల్చిన మొక్కలు పాతించారు.
"నీళ్లు నిలిస్తే చచ్చిపోతాయిరా, చూసుకో," అన్నారు.
నీళ్లు నిలవని చోటు కోనసీమలో ఎక్కడుందండీ?
కౌశిక పొంగిన ప్రతి రాత్రీ
పార పట్టుకుని అక్కడ బోదెలు తీసేవాణ్ణి,
మా గుమ్మంలో మోకాల్లోతు ఉన్నా సరే.

చిగురేసింది. పచ్చగా కాదు,
ఎర్రగా,
గోదాట్లోకి మొదటి ఎర్రనీరు దిగిన రంగులో.
తెగులనుకుని మూడు కొమ్మలు తుంచేశాను.
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

మూడో ఏట శ్రావణంలో నరకమన్నారు.
జానెడు మోడు మిగిల్చి, మొదలంటా.
పెంచినవాడి చేతే నరికించడం
ఇదేం సేద్యమో అనుకున్నాను.

నరికిన కొమ్మని కూడా కొబ్బరికాయే అనుకున్నాయి నా చేతులు.
బెరడు ముక్కలు ముక్కలైపోయింది.
తోటల కేంద్రం నించి వచ్చిన అమ్మాయి నవ్వలేదు.
పై పొట్టు గీకించింది. ఇత్తడి కడ్డీతో
రుద్దించింది, మోకాళ్లకి తైలం పట్టించినంత ఓపికగా.
పైన ఒక గీటు, కింద ఒక గీటు, నిలువునా ఒక గాటు.
"ఇప్పుడు బొటనవేలు దూర్చండి. లాగొద్దు.
దాన్ని రానివ్వండి."

వచ్చింది.
నిద్రపోతున్న పిల్లకి చొక్కా విప్పినట్టు.
ముప్పై ఏళ్లలో నా చేతులకి సిగ్గేసింది
అదే మొదలు.

నీడన ఆరేసిన పేట్లు వాటంతటవే చుట్టుకున్నాయి.
చుట్టలో చుట్ట దూర్చి మూరెడు పొడుగున పేరిస్తే
అడ్డపొగ కాల్చే మా అమ్మ పేరంటాలు
ఒకటి తీసి, తిప్పి చూసి
"దీన్ని ఏ కొసన వెలిగించాల్రా?" అంది.
పన్నునొప్పికి ఓ ముక్క బుగ్గన పెట్టుకుని
ఆ పూట పొగ మానింది. ఆ పూటే.

మంగాయమ్మకి షుగరు.
ఊరంతా వైద్యులే:
పరగడుపున చెక్కనీళ్లు తాగు, మాత్రలు కాలవలో పారెయ్.
నర్సు ఎస్తేరు గారు ఒక్కరే కసిరారు.
"టీలో చిటికెడు వేసుకో, గొంతుకి హాయి.
షుగరు తగ్గిస్తుందో లేదో ఇంకా తేలలేదు.
ఎక్కువైతే కాలేయానికి చేటు, బజారు మందం చెక్కైతే మరీను.
మాత్ర ఆపావో, నీ కాలివేళ్లు నేనే లెక్కపెట్టాలి."
మాత్ర వేసుకుంటోంది. టీలో పంచదార లేదు,
గోరంత చెక్క.
తియ్యగా ఉందా అని అడిగితే
"తీపిని తలుచుకున్నట్టుంది," అంటుంది.

అంబాజీపేట కొట్లో కొండలరావు గారు
వేళ్ల మధ్య నలిపి పెదవి విరిచారు.
"ఇంత పల్చనా? బిర్యానీ హోటళ్లకి
పెంకులాంటిది కావాలయ్యా."
సగం ధర రాశారు.
పల్చగా ఉండేదే అసలుదని చెప్పబోయి ఊరుకున్నాను.
చీటీ రాస్తూ రాస్తూ ఆయన వేళ్లు
రెండుసార్లు ముక్కు దాకా వెళ్లొచ్చాయి.

నరికిన మోళ్లకి ఇప్పుడు నాలుగేసి కొమ్మలు.
రాత్రి వాన పడింది.
పొద్దున్నే అయినవిల్లి వెళ్లాలి, ఎనిమిది వందల కాయలు,
గునపం సైకిలుకి కట్టే ఉంది.
వెళ్లే ముందు దిబ్బెక్కి
ఒక కొమ్మకి గోటితో గీటు పెట్టి చూశాను,
బెరడు వదులైందేమోనని.

ఇంకా పట్టుకునే ఉంది.